గంజాయి చట్టం: ఇరవై కిలోల గీత

గంజాయి మొక్కను నార కోసం, మందుల కోసం సాగు చేయించేందుకు హిమాచల్ ప్రదేశ్ సిద్ధమవుతుంటే, అదే మొక్క జాడ తీయడానికి ఆంధ్రప్రదేశ్ 2024లో ‘ఈగల్’ పేరిట ప్రత్యేక విభాగాన్నే పెట్టింది. ఒకే దేశంలో, ఒకే చట్టం కింద ఇదెలా సాధ్యమన్న చర్చ మళ్లీ మొదలైంది. మాదకద్రవ్యాలపై 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం, దాన్ని అనుసరించి 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం అందరూ ఎరిగినవే. అయితే నేటి వివాదానికి మూలం 1985లో కన్నా 2001లోనే ఎక్కువగా ఉంది.

1989 సవరణతో బెయిలు గగనమైంది. చిన్న కేసుల్లో పట్టుబడినవారూ విచారణ ఖైదీలుగా మగ్గుతున్నారని గ్రహించిన పార్లమెంటు, 2001లో శిక్షను సరుకు తూకానికి ముడిపెట్టింది. గంజాయి కిలో వరకు ఉంటే స్వల్ప పరిమాణం. 20 కిలోలు దాటితే, వకీళ్ల మాటల్లో ‘కమర్షియల్ క్వాంటిటీ’, అంటే వ్యాపార పరిమాణం. అప్పుడు కనీస శిక్ష పదేళ్లు, జరిమానా లక్ష రూపాయలకు తగ్గదు. నిందితుడు నేరం చేయలేదని నమ్మే ఆధారం ఉందని కోర్టుకు తోస్తే తప్ప బెయిలు రాదు.

నగరంలో పొట్లం కొనుక్కునేవాడికి ఇది ఊరటే. మన్యంలో మూట మోసేవాడికి మాత్రం మెడకు ఉచ్చు. ‘శీలావతి’ అనే గంజాయి రకానికి పెట్టుబడి పెట్టే వ్యాపారి మూట ఎత్తుకోడు. చింతపల్లి, పెదబయలు వైపు కొండదారుల్లో కూలికి మోసే ఆదివాసీ ఎత్తుకుంటాడు. సరుకు ఎవరిదని కాటా అడగదు. పైగా చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలే. వాటితో కలవని ఆకు, గింజ లెక్కలోకి రావు. అయినా కాడలు, ఆకులతో సహా మూటంతా తూచి, పాతిక కిలోలని పంచనామా రాసేసిన కేసులున్నాయి. ఈ లోపాన్ని ఎత్తిచూపి కొన్ని హైకోర్టులు బెయిళ్లిచ్చాయి కూడా.

కఠినత్వం లేకపోతే సాగు ఆగేది కాదన్నది పోలీసుల వాదన. 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ చేపట్టి వేల ఎకరాల్లో తోటలు నరికించారు; 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోలు తగలబెట్టారు.

రాజకీయ వైఖరి మారలేదనలేము. 2016లో పటియాలా ఎంపీ ధరమ్‌వీర్ గాంధీ మెతక చట్టం కోరుతూ ప్రైవేటు బిల్లు తెచ్చారు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి మాదకద్రవ్యాల కమిషన్‌లో గంజాయిని అత్యంత ప్రమాదకర జాబితా నుంచి తీసేయడానికి భారత్ అనుకూలంగా ఓటు వేసింది, స్వదేశీ చట్టం జోలికి మాత్రం పోలేదు. ఉత్తరాఖండ్ 2018లోనే పారిశ్రామిక సాగుకు లైసెన్సులు మొదలుపెట్టింది. హిమాచల్ శాసనసభ 2024 సెప్టెంబరులో అదే బాట పట్టింది. దీనికి కొత్త చట్టమేమీ అక్కరలేకపోయింది, 1985 చట్టంలోని 10, 14 సెక్షన్లలోనే ఆ వీలుంది. అయితే ఉత్తరాఖండ్ పెట్టిన షరతు ప్రకారం మొక్కలో మత్తు పదార్థం 0.3 శాతం మించరాదు. మత్తుకే పేరుపడ్డ శీలావతికి అందులో చోటు లేదు. ఆ వెసులుబాటు సైతం సాగుకే గానీ, మూటతో దొరికినవాడి బెయిలుకు వర్తించదు.