మామ్మ మోకాళ్ళ మాత్రలూ, చావని ముసలి కణాలూ

మొన్న పర్లాకిమిడిలో మా మామ్మకి మోకాళ్ళ నొప్పులకని ఎవరో ఒక డబ్బా అంటగట్టేశాడు, పింఛను డబ్బులు మొత్తం పోశింది దానికి. ఒంట్లో ముసలి కణాలన్నిటినీ కడిగేస్తుందట. లేబుల్ మీద తెలుగు ముక్క లేదు, నేనే చదివి పెట్టాను, లోపలున్నది క్వెర్సెటిన్, అంటే ఉల్లిపాయల్లో ఉండేదే. కోపం వచ్చింది గానీ ఈ మాట గాల్లోంచి పుట్టలేదు, దీని వెనకాల వందేళ్ళ పైబడ్డ సైన్సు ఉంది.

1912లో న్యూయార్క్‌లో అలెక్సిస్ కారెల్ అనే సర్జన్ కోడిపిల్ల పిండం గుండె ముక్క తీసి గాజుపాత్రలో కణాలు పెంచడం మొదలెట్టాడు, 1944లో ఆయన పోయాక కూడా అవి 1946 దాకా పెరిగాయి. నోబెల్ వచ్చిన మనిషి, కాదనేదెవరు, కణానికి ముసలితనం లేదని అందరూ నమ్మేశారు. మేతగా పోసిన పిండం రసంలోంచే కొత్త కణాలు కలుస్తూ వచ్చుంటాయని తర్వాత అనుమానించారు.

ఆ నమ్మకాన్ని కదిపింది ఫిలడెల్ఫియా విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్. మనిషి కణాలు దాదాపు 50 సార్లు రెట్టింపయ్యి ఆగిపోతున్నాయి. మేతలో లోపమేమో అనుకుని ఏం చేశారంటే, చాలాసార్లు చీలిన మగ కణాల్నీ కొత్తగా ఉన్న ఆడ కణాల్నీ ఒకే పాత్రలో, ఒకే మేతలో కలిపి పెంచారు, కొన్నాళ్ళకి క్రోమోజోములు చూస్తే మిగిలినవన్నీ ఆడవే! మేత తప్పయితే రెండూ ఆగాలి కదా, అంటే లెక్క కణం లోపలే ఉందన్నమాట. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చింది ఇదే. 1961లో అచ్చయింది.

ఆ లెక్క ఎక్కడుందో 1971లో మాస్కోలో ఒలోవ్నికోవ్ అనే శాస్త్రవేత్త ఊహించాడు, కణం చీలినప్పుడల్లా క్రోమోజోమ్ చివర్లు అరుగుతాయని. ఆ చివర్ల మీద పనికే 2009లో బ్లాక్‌బర్న్, గ్రైడర్, షోస్టాక్‌లకి నోబెల్ వచ్చింది.

అసలు మలుపు 2008. చీలడం ఆపేసిన కణం, అంటే ముసలి కణం, చావదు, ఊరుకోదు కూడా, వాపు పుట్టించే రసాయనాలు వదులుతుందని జూడిత్ కాంపిసీ బృందం చూపించింది. గడ్డిలో ముగ్గేసిన మావిడికాయల్లో ఒకటి కుళ్ళితే పక్కవి ఎలా పోతాయో అలాగ. 2011లో మేయో క్లినిక్‌లో తొందరగా ముసలయ్యే ఎలకల్లో ఆ కణాల్ని తీసేస్తే కంటి శుక్లాలూ కండ తగ్గడమూ ఆలస్యమయ్యాయి. 2015లో డసాటినిబ్ అనే బ్లడ్ క్యాన్సర్ మందుకి క్వెర్సెటిన్ జత చేసి ఎలకల మీద చూశారు, మామ్మ డబ్బా మీద పేరు ఇక్కణ్ణించి వచ్చిందే, కానీ డసాటినిబ్ ఆ డబ్బాలో లేదు, ఉంటే ఇంకా ప్రమాదం.

మోకాలి మీదే పరీక్షించారు కూడా. ముసలి కణాల్ని చంపే ఇంకో మందుని కీళ్ళరుగుదల ఉన్నవాళ్ళ మోకాల్లోకి ఇంజెక్షన్‌గా ఇచ్చి చూస్తే, 2020లో వచ్చిన ఫలితాల్లో ఉత్తుత్తి మందు కంటే ఏమీ మెరుగు లేదు. పైగా ఈ కణాలు పూర్తిగా శత్రువులు కావు, క్యాన్సర్‌కి ఒక అడ్డు అవే, 2014లో ఎలకల్లో వీటిని తీసేస్తే పుండు మానడం ఆలస్యమైంది. మామ్మకి షుగరు, కాలి మీద చిన్న దెబ్బ తగిలినా నెల పడుతుంది, అందుకే నాకు భయం.

సోమవారం బరంపురంలో ఎముకల డాక్టరు గారికి చూపిస్తున్నాం, ఆ డబ్బా కూడా సంచిలో పెట్టాను, మూత ఇంకా తియ్యలేదు.