మాట మధ్యలో ఆగిపోతే

దేవరకొండ దగ్గర మా ఊళ్లో బర్రె చెవి మడత విప్పి చూస్తే గోమార్లు దొరుకుతాయి, నెత్తురు తాగి చింతగింజల్లా ఉబ్బి. అమెరికాలో కనెటికట్‌లో ఉండే మా తమ్ముణ్ని కుట్టిందీ ఆ తరహా పురుగే. కాకపోతే అది వేరే జాతి, పిల్ల దశలో గసగసాల గింజంత ఉంటుంది. కుట్టినట్టే వాడికి తెలియలేదు.

అది అంటించే జబ్బు పేరు లైమ్. కనెటికట్‌లోనే లైమ్ అనే ఊళ్లో 1975 ప్రాంతంలో చాలామంది పిల్లలకు కీళ్లు వాచాయి, జబ్బుకు ఆ ఊరి పేరే వచ్చింది. ఈ జబ్బు తెచ్చే మెలితిరిగిన బ్యాక్టీరియాను ఆ పురుగుల్లో 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త గుర్తించారు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రెండు మూడు వారాలు వాడితే ఎక్కువమందికి నయమవుతుంది. వాడికీ ఒంటిమీద ఎర్రటి మచ్చ పోయింది.

పోనిది వేరే. ఫోన్‌లో వంట గురించి చెబుతూ, "అక్కా, పచ్చగా, పొడుగ్గా, జిగురు జిగురుగా ఉంటది చూడు..." అని ఆగిపోయాడు. బెండకాయ అనే మాట రాలేదు. ఆఫీసులో ఒకే లైను మూడుసార్లు చదవాల్సి వస్తోందట. రక్త పరీక్షలన్నీ నార్మల్. ఇంట్లో అందరూ "టెన్షన్, అంతే" అన్నారు. నేనూ అన్నాను.

చికిత్స తర్వాత కూడా నూటికి అయిదు నుంచి పది మందికి ఇలాంటి నలత నెలల తరబడి ఉంటుంది. జ్ఞాపకాలు చెరిగిపోవు. వాటిని వెతికి తీయడం, ఆలోచన సాగడం నెమ్మదిస్తాయి. మెదడులో మైక్రోగ్లియా అనే కాపలా కణాలుంటాయి. 2018లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి 12 మంది మెదళ్లను పెట్ స్కాన్ తీస్తే, ఆ కణాలు రెచ్చిపోయి ఉన్న గుర్తులు ఆరోగ్యవంతుల్లో కంటే ఎక్కువగా కనిపించాయి. చిన్న అధ్యయనమే. అయినా నాకు విషయం అర్థమైంది: దొంగ వెళ్లిపోయినా కుక్క మొరుగుతూనే ఉంటే ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

దీన్నే చాలామంది క్రానిక్ లైమ్ అంటారు. క్రిమి ఇంకా లోపలే ఉందని నెలల తరబడి యాంటీబయాటిక్స్ ఎక్కించుకునేవాళ్లున్నారు. 2001లో వచ్చిన మందు పరీక్షల ఫలితాల్లో 90 రోజులు వాడినా ఉత్తుత్తి మందు కంటే మేలేమీ కనబడలేదు. పైగా నరానికి పెట్టిన గొట్టాల వల్ల ప్రమాదం. తమ్ముడికి అది వద్దని గట్టిగానే చెప్పాను.

కానీ బాధ అబద్ధం కాదు. 2006లో చికున్‌గున్యా జ్వరం తగ్గాక నెలల పాటు కీళ్లు పట్టేసి మంచం దిగలేకపోయినవాళ్లను మనం నటిస్తున్నారని అన్నామా?

వాడు ఇప్పుడు పనిని ముక్కలు చేసుకుని, మధ్యాహ్నం కాసేపు పడుకుని నెట్టుకొస్తున్నాడు. ఫోన్‌లో ఆగిపోతే నేను మాట అందించను. నాలుగైదు సెకన్లకు వాడికే వస్తుంది.