మార్గరెట్‌కి నిద్ర పట్టని రాత్రి

చిరంజీవులకు, అమ్మమ్మ దీవించి రాస్తున్నది.

మీ అమెరికాలోని సేలం ఊళ్లో మీరు మంత్రగత్తెల నల్ల టోపీలు పెట్టుకుని దిగిన ఫొటో చూశాను. ముద్దుగా ఉన్నారు. కానీ ఆ టోపీల వెనకున్న సంగతి మీకెవరూ చెప్పినట్టు లేదు. కిందటేడు మీ దగ్గరికొచ్చినప్పుడు అదే ఊళ్లో, మంత్రగత్తెలని చంపేసినవాళ్ల గుర్తుగా పెట్టిన రాతి బల్లల్లో ఒకదాని ముందు చాలాసేపు నిలబడిపోయాను. దాని మీద జార్జ్ జేకబ్స్ అన్న పేరు, ఉరి తీసిన తేదీ, 1692 ఆగస్టు 19, చెక్కి ఉన్నాయి. ఆయన రెండు చేతికర్రల ఊతంతో నడిచే ముసలాయన. ఆయన మనవరాలే మార్గరెట్. అప్పటికి పదహారో, పదిహేడో.

ఆ ఏడాది అక్కడి పాస్టర్ గారింట్లో ఇద్దరు ఆడపిల్లలు గిలగిలా కొట్టుకోవడం మొదలుపెట్టారు. చేతబడి అన్నారు పెద్దలు. "ఫలానా మనిషి ఆత్మరూపంలో వచ్చి నన్ను గిచ్చింది" అంటే చాలు, కోర్టు దాన్నే సాక్ష్యంగా తీసుకుంది. ఇంకో ఘోరం వినండి. మంత్రగత్తెనేనని ఒప్పుకుని ఆ మాట మీదే ఉన్నవాళ్లు బతికారు. కాదన్న మాట మీద నిలబడ్డవాళ్లలో 19 మందిని ఉరి తీశారు.

మార్గరెట్‌ని పట్టుకొచ్చి నిలబెట్టగానే ఆ పిల్లలు ఆమెను చూసి దబ్బున పడిపోయారట. ఆమె హడలిపోయింది. ఒప్పుకుంటే ప్రాణం దక్కుతుంది, లేదంటే చీకటికొట్టు, ఆపై ఉరి అన్నారు. ఒప్పుకుంది. తాత మీద, బరోస్ అనే పాస్టర్ మీద కూడా అబద్ధం చెప్పేసింది. నాకు ఆ పిల్ల మీద కోపం రాదు. ఆ వయసులో, ఆ టెన్షన్‌లో నేనేం చేసేదాన్నో!

ఆ రాత్రే ఆమెకి నిద్ర పట్టలేదు. ఇంత పచ్చి అబద్ధమాడినందుకు సైతాను వచ్చి తనని ఎత్తుకుపోతాడేమోనని వణికిపోయింది. చూశారా, సైతానుతో కలిసిందని ఊరంతా అంటుంటే, ఆమె సైతానుకి భయపడింది నిజం చెప్పనందుకు! చివరికి కోర్టుకే చెప్పింది: అదంతా అబద్ధం, ప్రాణం దక్కించుకోవడానికి అన్నాను, ఈ నరకంలో బతకడం కన్నా మనసు కుదుటపడి చావడమే మేలు అని. చీకటికొట్లో వేశారు. ఉరికి ముందు రోజు బరోస్‌ని క్షమించమని అడిగింది. ఆయన క్షమించి, ఆమెతో కలిసి ప్రార్థన చేశాడు. తాత తన వీలునామాలో ఆమెకి 10 పౌన్లు రాశాడు.

రోజూ దీపం పెట్టేదాన్ని, మీకు తెలుసు కదా. అందుకే చెబుతున్నా. ఆ పిల్లకి ధైర్యమిచ్చింది కూడా ఆమె భక్తే. దేవుడి పేరు చెప్పి భయపెట్టినవాళ్ల మాట కాదని, దేవుడికి తాను చెప్పుకోవాల్సిన జవాబు గురించి ఆలోచించింది.

తాతని, బరోస్‌ని ఒకేరోజు ఉరి తీశారు. మార్గరెట్ విచారణ జబ్బువల్ల వాయిదా పడి, 1693లో నిర్దోషి అని తేలింది. అయినా జైలు ఖర్చులు కట్టలేక లోపలే ఉండిపోతే, ఎవరో పరాయి మనిషి కట్టి విడిపించాడు.

ఆమెకి అక్కడ బల్ల లేదు, బతికింది కదా. ఈసారి వెళ్తే ఆ తాత బల్ల మీద నా తరఫున ఒక పువ్వు పెట్టి రండి.

మీ అమ్మమ్మ