లూయిస్ గుటియెరెజ్: లేని వరుస కోసం 26 ఏళ్లు

2012 ఆగస్టు 15న షికాగోలో, మిషిగన్ సరస్సు ఒడ్డునున్న నేవీ పియర్ వద్ద తెల్లవారకముందే వేలమంది యువతీయువకులు బారులు తీరారు. చాలామంది పక్కన తల్లిదండ్రులున్నారు. కవర్లలో, ఫైళ్లలో కాగితాల కట్టలున్నాయి. పదహారేళ్లు నిండకముందే అమెరికాకు వచ్చామని, 2007 జూన్ 15 నుంచి ఎక్కడికీ వెళ్లిపోకుండా ఇక్కడే ఉన్నామని రుజువు చేసుకోవాలంటే బడి రికార్డులు, ఆసుపత్రి కాగితాలు, అద్దె రసీదులు ఏవైనా సరే పోగుచేసి తెచ్చుకోవాలి. దరఖాస్తు రుసుము 465 డాలర్లు. చిన్నప్పుడే తల్లిదండ్రుల వెంట వచ్చి, పత్రాలు లేకుండా పెరిగినవారిని రెండేళ్లపాటు వెనక్కి పంపకుండా, పని చేసుకునే అనుమతి ఇచ్చే ‘డాకా’ పథకానికి దరఖాస్తులు తీసుకోవడం ఆ రోజే మొదలైంది. నిర్వాహకుల అంచనాలకు మించి జనం రావడంతో ఎంతోమంది ఆ రోజు పని పూర్తికాకుండానే వెనుదిరగవలసి వచ్చింది. ఆ శిబిరాన్ని వలసదారుల సంఘాలతో కలిసి ముందుండి నడిపించిన వారిలో ఇల్లినాయ్ రాష్ట్రం నాలుగో నియోజకవర్గం నుంచి అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికైన లూయిస్ గుటియెరెజ్ ఒకరు.

ఈ చర్చ ఎప్పుడు వచ్చినా ఒక ప్రశ్న ఎదురవుతుంది: అందరిలా వరుసలో నిలబడి చట్టబద్ధంగా రావచ్చు కదా? అమెరికాలోని మన తెలుగు ఇళ్లలోనూ ఈ మాట వినిపిస్తుంది. హెచ్‌-1బి వీసా మీద వెళ్లి గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవారికి ఆ ప్రశ్న సహజంగానే న్యాయమైనదిగా తోస్తుంది. వారి నిరీక్షణలోని బాధ నిజం. అయితే వారి ముందు ఎంత పొడవైనదైనా ఒక వరుస ఉంది. హోటల్లో గిన్నెలు కడిగే, ఇళ్లకు పైకప్పులు వేసే, పొలాల్లో కూరగాయలు కోసే మెక్సికో కార్మికుడికి ఆ వరుస లేదన్నదే గుటియెరెజ్ ఇరవై ఆరేళ్లపాటు సభ లోపలా బయటా చెబుతూ వచ్చిన మాట. అది ఎంతవరకు నిజమో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

1942 నుంచి 1964 వరకు అమెరికా తన పొలాల్లో పనికి ‘బ్రసేరో’ పథకం కింద మెక్సికో నుంచి కూలీలను తానే పిలిపించుకుంది. ఆ 22 ఏళ్లలో 45 లక్షలకు పైగా ఒప్పందాలు జరిగాయి. పథకం రద్దయిన మరుసటి ఏడాది, అంటే 1965లో వచ్చిన వలస చట్టం ఆసియా వాసులకు తలుపులు తెరిచింది. తెలుగువారు డాక్టర్లుగా, ఇంజనీర్లుగా అమెరికా చేరగలిగింది ఆ చట్టం వల్లనే. అదే చట్టం అంతవరకు సంఖ్యా పరిమితి లేని మెక్సికో సహా పశ్చిమార్ధగోళ (ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల) దేశాలన్నిటికీ కలిపి ఏడాదికి 1,20,000 అనే గీత గీసింది. 1976లో ఒక్కో దేశానికి 20,000 అనే హద్దు కూడా తోడైంది. తరతరాలుగా వచ్చిపోతున్న కూలీలు వచ్చిన దారినే వస్తూ పోయారు, కాకపోతే ఇప్పుడు ఆ రాక చట్టవిరుద్ధమైంది. మనకు తలుపు తీసిన చేతే పొరుగువారికి తలుపు మూసిందన్న సంగతిని మనం అంతగా గుర్తుచేసుకోము.

1986లో అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన చట్టంతో దాదాపు 27 లక్షల మందికి చట్టబద్ధత వచ్చింది. కానీ ఆ తర్వాత వచ్చేవారికి దారి ఏర్పడలేదు. 1990 చట్టం నైపుణ్యం అక్కరలేని పనులకు ప్రపంచమంతటికీ కలిపి ఏడాదికి గరిష్ఠంగా 10,000 గ్రీన్‌కార్డులే కేటాయించింది. తోబుట్టువుల కోటాలో మెక్సికోవారు ఇరవై ఏళ్లకు పైగా ఆగాలి. 1996 చట్టం మరో మేకు దిగగొట్టింది. అనుమతి లేకుండా ఏడాది, అంతకుమించి ఉన్నవారు దేశం దాటితే పదేళ్లపాటు తిరిగి రాకూడదు. అమెరికా పౌరురాలిని పెళ్లాడినవాడైనా, అక్రమంగా సరిహద్దు దాటి వచ్చి ఉంటే, పత్రాల కోసం స్వదేశం వెళ్లిన మరుక్షణం ఈ నిషేధంలో చిక్కుకునే పరిస్థితి వచ్చింది. చట్టాన్ని పాటించబోయినవాడికే శిక్ష పడే ఈ ఏర్పాటును న్యాయమని ఎలా ఒప్పుకోవాలో నాకు అర్థం కాదు.

గుటియెరెజ్ వలసదారుడు కారు. 1953లో షికాగోలోనే, ప్యూర్టో రికో నుంచి వచ్చిన తల్లిదండ్రులకు పుట్టారు. అమెరికా పాలనలోని ఆ కరీబియన్ ద్వీప వాసులు 1917 నుంచి అమెరికా పౌరులు. ఆయన టీనేజీలో ఉండగా కుటుంబం ఆ ద్వీపానికి తిరిగి వెళ్లింది. షికాగోలో పరాయివాడిగా కనిపించిన పిల్లవాడు, అక్కడ స్పానిష్ సరిగ్గా రాని అమెరికా కుర్రాడయ్యాడు. తర్వాత షికాగోకు వచ్చి చదువు ముగించి, టాక్సీ నడిపి, పాఠాలు చెప్పి, సామాజిక కార్యకర్తగా పనిచేశారు.

1983లో షికాగోకు తొలి నల్లజాతి మేయర్‌గా హెరాల్డ్ వాషింగ్టన్ ఎన్నికైనప్పుడు, యాభై మంది నగర మండలి సభ్యుల్లో 29 మంది ఆయన్ను అడుగు తీసి అడుగు వేయనివ్వలేదు. వార్డుల విభజన నల్లజాతివారికీ లాటినోలకూ (లాటిన్ అమెరికా మూలాలున్నవారికి) అన్యాయం చేసిందని కోర్టు తేల్చడంతో 1986లో ఏడు వార్డుల్లో మళ్లీ ఎన్నికలు జరిగాయి. 26వ వార్డులో రెండో విడత పోటీలో గుటియెరెజ్ గెలవడంతో మండలిలో బలాబలాలు 25–25 అయ్యాయి, నిర్ణాయక ఓటు మేయర్ చేతికి వచ్చింది. నల్లజాతివారూ లాటినోలూ కలిసి నిలిస్తే ఒక నగర పాలన ఎలా మారుతుందో ఆయన అక్కడ కళ్లారా చూశారు.

1992లో ఆయన అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. మధ్యపశ్చిమ రాష్ట్రాల నుంచి అలా ఎన్నికైన తొలి లాటినో ఆయనే. ఉత్తరాన ప్యూర్టో రికో వారి హంబోల్ట్ పార్క్ ప్రాంతాన్నీ, దక్షిణాన మెక్సికో వారి పిల్సెన్, లిటిల్ విలేజ్ పేటలనూ కలపడానికి, మధ్యనున్న నల్లజాతి నియోజకవర్గాన్ని చుట్టి, ఒకచోట రహదారి వెడల్పు మాత్రమే ఉండేలా ఆ నియోజకవర్గాన్ని గీశారు. దాని ఆకారాన్ని ఎందరో ఎద్దేవా చేశారు, కోర్టులు మాత్రం సమర్థించాయి. ఆకారం కంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ప్రతినిధుల సభ స్థానాలను ఓటర్ల లెక్కన కాక జనాభా మొత్తం లెక్కన పంచుతారు. అంటే పత్రాలు లేనివారూ ఆ లెక్కలో ఉంటారు. ఓటు లేని ఆ మనుషులు కూడా తన నియోజకవర్గ ప్రజలేనని ఆయన అక్షరాలా నమ్మారు. గ్రీన్‌కార్డు ఉండి కూడా పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోనివారిని కూర్చోబెట్టి ఫారాలు నింపించే శిబిరాలను ఆయన కార్యాలయం ఏళ్ల తరబడి నడిపింది. ఉపన్యాసాల కంటే ఈ పనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

1996లో జరిగిన ఒక సంఘటన ఆయన్ను వదల్లేదు. ప్యూర్టో రికో వారి కార్యక్రమం ముగించుకుని, చిన్న జెండా పట్టుకున్న కూతురితో కాంగ్రెస్ భవనంలోకి అడుగుపెడుతుండగా, భద్రతా సిబ్బందిలో ఒకరు ఆయన్ను గుర్తించక, మీరూ మీవాళ్లూ వచ్చిన దేశానికే వెళ్లిపోండని అన్నారు. పుట్టుకతో పౌరుడై, ఆ సభలోనే సభ్యుడైన మనిషికి ఎదురైన మాట అది. పత్రాలున్నవాడికీ లేనివాడికీ మధ్య ఉన్న గీత చూసేవారి కళ్లలో ఎంత పల్చనిదో ఆ ఒక్క మాట చెబుతుంది.

2001లో, బడిలో చదువుతున్న పత్రాలు లేని పిల్లలకు చట్టబద్ధత కల్పించే బిల్లును ఆయన ప్రతినిధుల సభలో ప్రవేశపెట్టారు. అదే ఏడాది ఎగువ సభ సెనేట్‌లో డర్బిన్, హ్యాచ్‌లు తెచ్చిన బిల్లు ‘డ్రీమ్ చట్టం’గా పేరుపడింది. ఆ పిల్లలకు డ్రీమర్లన్న పేరు దాన్నుంచే వచ్చింది. 2005 డిసెంబరులో, పత్రాలు లేకుండా ఉండటాన్నే నేరంగా మార్చే సెన్సెన్‌బ్రెన్నర్ బిల్లు ప్రతినిధుల సభలో నెగ్గింది. దానికి జవాబుగా 2006 మార్చి 10న షికాగో వీధుల్లోకి లక్షమందికి పైగా వచ్చారు. మే 1న ఆ నిరసన దేశమంతటా పాకింది. ఆ బిల్లు సెనేట్ గడప దాటలేదు. 2007లో రిపబ్లికన్ సభ్యుడు జెఫ్ ఫ్లేక్‌తో కలిసి గుటియెరెజ్ తెచ్చిన సమగ్ర సంస్కరణ బిల్లు కూడా చట్టం కాలేదు.

ఆయన అసలు పరీక్ష సొంత డెమొక్రటిక్ పార్టీ అధికారంలోకి వచ్చాక మొదలైంది. తన నగరం నుంచే ఎదిగిన ఒబామాను తొలినుంచీ బలపరిచినవారిలో ఆయన ఒకరు. అధ్యక్షుడైన తర్వాత ఒబామా వలస సంస్కరణను వెనక్కి నెట్టారు. దేశం నుంచి పంపివేతలు మాత్రం ఏడాదికి దాదాపు 4,00,000కు చేరాయి. గుటియెరెజ్ మిత్రుణ్ని మన్నించలేదు. ఊరూరా చర్చిల్లో సభలు పెట్టి, విడిపోయిన కుటుంబాల గోడు వినిపించారు. 2010 మే 1న వైట్‌హౌస్ ముందు బైఠాయించి అరెస్టయ్యారు, 2011లో మళ్లీ అరెస్టయ్యారు. అయితే సమగ్ర బిల్లు కోసం పట్టుబట్టి డ్రీమ్ చట్టాన్ని విడిగా ముందుకు నడిపించడంలో జాప్యం చేశారన్న విమర్శ డ్రీమర్ల నుంచే వచ్చింది, అందులో నిజం లేకపోలేదు. 2010 డిసెంబరులో ఆ చట్టం ప్రతినిధుల సభలో 216–198 తేడాతో నెగ్గినా, సెనేట్‌లో కావలసిన 60 ఓట్లకు 55 మాత్రమే దక్కాయి. చట్టసభలో దారి మూసుకుపోయాక, అధ్యక్షుడు తన అధికారంతోనే ఈ పిల్లలను కాపాడవచ్చని పట్టుపట్టినవారి ఒత్తిడి ఫలితమే 2012 జూన్ 15న ప్రకటించిన డాకా.

తెలుగు కుటుంబాలకు ఈ కథలో భాగం ఇక్కడ ఉంది. డాకా నిబంధన ప్రకారం ఆ రోజు నాటికి చట్టబద్ధమైన హోదా ఉన్నవారు అర్హులు కారు. హెచ్‌-1బి ఉద్యోగుల వెంట హెచ్‌-4 (కుటుంబ సభ్యుల) వీసా మీద వచ్చిన పిల్లలు, అన్నీ సక్రమంగా పాటించినందువల్లనే, ఆ రక్షణకు దూరమయ్యారు. ఇరవై ఒకటో ఏడు రాగానే వారు తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి జారిపోతారు. ఏటా ఇచ్చేవాటిలో ఒక్కో దేశానికి ఏడు శాతం మించరాదన్న హద్దు వల్ల గ్రీన్‌కార్డు ఆ లోపు చేతికి రాదు. 2013 జూన్ 27న సెనేట్‌లో 68–32తో నెగ్గిన సమగ్ర బిల్లు పత్రాలు లేనివారికి పౌరసత్వానికి దారి చూపడంతోపాటు, ఉద్యోగ కోటాలో ఈ దేశాలవారీ హద్దును ఎత్తివేసేది. మన పిల్లల సమస్యకూ మెక్సికో పిల్లల సమస్యకూ మందు ఒకే బిల్లులో ఉంది. దాన్ని ఓటింగుకు పెట్టాలని కోరుతూ ఆ అక్టోబరులో కాంగ్రెస్ భవనం ఎదుట పౌరహక్కుల నేత, సభ్యుడు జాన్ లూయిస్ తదితరులతో కలిసి గుటియెరెజ్ మరోసారి అరెస్టయ్యారు. రిపబ్లికన్ నాయకత్వం దాన్ని ప్రతినిధుల సభలో ఓటింగుకు పెట్టనే లేదు.

అమెరికా పౌరులో, గ్రీన్‌కార్డుదారులో అయిన పిల్లలున్న, పత్రాలు లేని తల్లిదండ్రులకు రక్షణ ఇస్తూ 2014 నవంబరులో ఒబామా ప్రకటించిన పథకాన్ని టెక్సస్ కోర్టు నిలిపివేసింది. 2016లో సుప్రీంకోర్టు 4–4గా చీలడంతో అది అక్కడే ఆగిపోయింది. 2017 సెప్టెంబరులో ట్రంప్ ప్రభుత్వం డాకా రద్దును ప్రకటించింది. అదే నెలలో మరియా తుఫాను ప్యూర్టో రికోను నేలమట్టం చేసింది. నవంబరులో గుటియెరెజ్ తాను మళ్లీ పోటీ చేయనని చెప్పి, మెక్సికోలో పుట్టిన హెసూస్ గార్సియాను బలపరిచారు. 2018 జనవరిలో, డ్రీమర్లకు రక్షణ కల్పిస్తే సరిహద్దు గోడకు తానే ఇటుకలు మోస్తానన్నారు. ఆ గోడను అంతగా వ్యతిరేకించిన మనిషి అంతదూరం వెళ్లినా ఫిబ్రవరిలో సెనేట్ ముందుకు వచ్చిన ప్రతిపాదనలన్నీ వీగిపోయాయి. 2019 జనవరిలో ఆయన పదవీకాలం ముగిసింది.

2020లో సుప్రీంకోర్టు 5–4తో డాకా రద్దును తోసిపుచ్చింది. 2021 జులైలో టెక్సస్ కోర్టు ఇచ్చిన తీర్పుతో కొత్త దరఖాస్తుల మంజూరు నిలిచిపోయింది. నేవీ పియర్ వద్ద ఆ రోజు బారులు తీరినవారిలో పెద్దవారు ఇప్పుడు నలభై ఏళ్లు దాటారు. వారి అనుమతి ఇప్పటికీ రెండేళ్లకే.