ఫైలు పెట్టేశాం కదా, పాత రూల్సే అంటారా?

“ఇంటి పర్మిషన్‌కి అప్లికేషన్ ఎప్పుడో పెట్టేశాం కదండీ, ఇక మాకు పాత రూల్సేగా?” ప్లాన్లు గీసే నా దగ్గరికి వారానికి ఒకరైనా ఈ మాటతోనే వస్తారు. కాదండీ. మీ ప్లాన్ శాంక్షన్ అయ్యే రోజున ఏ రూల్సు అమల్లో ఉంటే అవే మీకు వర్తిస్తాయి. సుప్రీంకోర్టు ఈ సంగతి 1992లో ఉస్మాన్ గనీ ఖత్రీ కేసులో చెప్పింది, 2003లో గాంజెస్ రోప్ కేసులో మళ్లీ చెప్పింది. పెండింగ్‌లో ఉన్న ఫైలు హక్కు పుట్టించదు. అలా వచ్చిన ఒకాయనతో అమెరికాలో ఉన్న అల్లుడు “మా దగ్గర అప్లై చేసిన రోజు రూల్సే” అన్నాడట. వాషింగ్టన్ రాష్ట్రంలో నిజమే. మన ప్లాటు ఇక్కడుంది మరి!

ఆన్‌లైన్‌లో అప్పటికప్పుడు ఇచ్చే ఇన్‌స్టంట్ అప్రూవల్స్ ఇంకా రాని రోజుల్లో ఒక రిటైర్డ్ మాస్టారి ఫైలు చూశాను. లింకు డాక్యుమెంటు, అంటే ఆ స్థలం పాత దస్తావేజు, జత చేయలేదని షార్ట్‌ఫాల్ పడింది, అంటే కాగితం తక్కువైందని ఫైలు ఆపారు. “అబ్బాయి పండక్కి వస్తాడు, అప్పుడు ఇద్దాం” అన్నారు. రెండు నెలలు పోయాయి. ఈలోగా మాస్టర్ ప్లాన్ (ఊళ్లో రోడ్లు ఎక్కడ, ఏ జాగా దేనికి అని చూపే ప్లాన్) సవరణ వచ్చి ఇంటి ముందు 30 అడుగుల రోడ్డు కాస్తా 40 అయింది. రోడ్డుకు పోయే జాగా వదిలి, అక్కణ్నుంచి సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా, కొలవాలి. ముందు గది ఎగిరిపోయింది. ఆయన కోప్పడలేదు. “నాదే ఆలస్యం” అంటూ ప్లాన్ మడత పెట్టుకుంటుంటే నాకే మనసు ఆగలేదు. గట్టిగా వెంటపడి ఉండాల్సింది నేను.

“పర్మిషన్ వచ్చాక కూడా పీకేస్తారట కదా” అని నిద్ర మానుకునేవాళ్లూ ఉన్నారు. శాంక్షన్ చేతికొచ్చి, గడువులోపు, ఆ ప్లాన్ ప్రకారమే కడుతుంటే రోజుకో వాట్సాప్ మెసేజ్ చూసి బెంగపడకండి. తప్పుడు కాగితాలతో తెచ్చుకున్నదైతే వేరే సంగతి. జీహెచ్ఎంసీ చట్టం 450వ సెక్షన్ కింద దాన్ని రద్దు చేయొచ్చు.

ఇక మిగతావి. రిజిస్ట్రేషన్ అయితే కట్టుకోవచ్చన్నది అబద్ధం, అది అమ్మకానికి రుజువు మాత్రమే. ఇంటి పన్ను కట్టించుకున్నారంటే ఇల్లు సక్రమమైనట్టు కాదు. నాలా కన్వర్షన్, అంటే సాగు భూమిని వేరే అవసరాలకు మార్చుకోవడం, రెవెన్యూ వాళ్ల పని, మాస్టర్ ప్లాన్‌లో జోన్ మారాలంటే చేంజ్ ఆఫ్ ల్యాండ్ యూజ్ వేరే తెచ్చుకోవాలి. ఈ రెండూ ఒకటేనని చెప్పి ప్లాట్లు అంటగట్టే బ్రోకర్లను చూస్తే ఒళ్లు మండుతుంది. 600 గజాలలోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తులోపు ఇళ్లకు తెలంగాణ 2020 టీఎస్-బీపాస్ చట్టం ఇచ్చిన సెల్ఫ్ సర్టిఫికేషన్ (రూల్సు పాటిస్తామని మీరే రాసిచ్చే హామీ) ఇష్టమొచ్చినట్టు కట్టుకోమని కాదు. సంతకం మీది. ఉల్లంఘిస్తే నోటీసు లేకుండానే కూల్చే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉంది.

ఎంత ఫీజు కట్టాలో చెప్పే ఫీజు ఇంటిమేషన్ లెటర్ కూడా పర్మిషన్ కాదు. నిన్న ఒకాయన దాన్ని ఫ్రేము కట్టించబోయారు. ముందు చలానా కట్టి రమ్మని పంపాను.