ఫుట్‌పాత్ గుడిసెలకు నంబర్లు ఎలా వచ్చాయి

1976 జనవరిలో మహారాష్ట్ర ప్రభుత్వం బొంబాయి మురికివాడల్లో లెక్కలు తీసి కుటుంబాలకు ఫొటోపాసులు ఇచ్చింది. ఖాళీ చేయించాల్సి వస్తే ఆ పాసు ఉన్నవాళ్లకు వేరేచోట జాగా చూపించాలి. ఫుట్‌పాత్‌ల మీద గుడిసెలు వేసుకున్నవాళ్లను మాత్రం ఆ లెక్కలో కలపలేదు. అయిదేళ్లకు, 1981 జులైలో ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే ఫుట్‌పాత్‌లు ఖాళీ చేయించమన్నప్పుడు, నిండు వానాకాలంలో వాళ్ల దగ్గర చూపించడానికి ఏ కాగితమూ లేదు.

ఆ ఖాళీ చేయింపు మీద వేసిన కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. కేసు వేసినవాళ్లలో ఒకరైన జర్నలిస్టు పేరుతో ఓల్గా టెల్లిస్ కేసుగా పేరుపడ్డ ఆ తీర్పు 1985 జులై 10న వచ్చింది. బతుకుతెరువు జీవించే హక్కులో భాగమని కోర్టు ఒప్పుకుంది. అయినా నోటీసు ఇచ్చి తొలగించవచ్చంది, వానలు వెళ్లేదాకా, అక్టోబరు 31 వరకు ఆగమంది. ఆ గడువులోపల వీళ్లెవరు, ఎంతమంది, ఎక్కడ పని చేస్తున్నారు అన్నది ఎవరో ఒకరు కాగితం మీద పెట్టాలి.

ఆ పని స్పార్క్ అనే స్వచ్ఛంద సంస్థ, బొంబాయిలోని బైకుల్లా ఫుట్‌పాత్‌ల మీది మహిళలు కలిసి చేశారు. సుమారు 6,000 కుటుంబాలు, 27,000 మంది లెక్కకొచ్చారు. ఇవాళ వచ్చి రేపు పోయేవాళ్లన్న మాట ఆ లెక్క ముందు నిలవలేదు. చాలామంది ఏళ్ల తరబడి అక్కడే ఉంటున్నారు, నడిచి వెళ్లగలిగే దూరంలో పని చేసుకుంటున్నారు. ఊరవతల ఇల్లిస్తే బస్సు ఛార్జీలకే కూలి కరిగిపోతుందన్న సంగతి ప్లానర్ల ముందుకు అంకెల్లో వచ్చింది. (బైకుల్లా పక్కనున్న కామాటిపురాకు ఆ పేరు మన తెలుగు కామాటి కూలీల వల్లే వచ్చింది. పనికి దగ్గరగా గూడు వెతుక్కోవడం ఆ నగరంలో అంత పాతది.)

ఈ సర్వే పద్ధతి చూడ్డానికి తేలిక, చేయడానికి కష్టం. ముందు వీధి పొడవునా నడిచి చేత్తో మ్యాపు గీస్తారు. కుళాయి, మరుగుదొడ్డి, కొట్టు, గుడి అన్నీ అందులో పడాలి. తర్వాత ప్రతి గుమ్మం మీదా సుద్దతో నంబరు వేస్తారు. ఆ నంబరు ప్రకారం ఫారం నింపుతారు. నింపిన జాబితాను బస్తీలోనే అందరికీ కనిపించేలా పెట్టి, అభ్యంతరాలు విని, దిద్దుతారు. ఈ చివరి మెట్టు ఎగ్గొడితే మిగతా శ్రమంతా వృథా. దొంగ పేర్లు పట్టుకునేది, వదిలేసిన పేరు గుర్తుచేసేది పక్కింటివాళ్లే.

తప్పులు ఎక్కువగా గుమ్మం దగ్గరే జరుగుతాయి. పట్టపగలు వెళితే కూలికి వెళ్లినవాళ్ల ఇళ్లకు తాళాలుంటాయి. "ఖాళీ" అని రాసేస్తే ఆ కుటుంబం జాబితాలోంచి పోయినట్టే. "తాళం" అని రాసి, చీకటి పడ్డాక మళ్లీ వెళ్లాలి. ఒకే తలుపు వెనక రెండు పొయ్యిలుంటే అవి రెండు కాపురాలు. అందుకే తలుపులు కాదు, పొయ్యిలు లెక్కపెట్టాలి. అటక మీద అద్దెకుండే మనిషిని ఇంటి యజమాని చెప్పడు, నిచ్చెన కనిపిస్తే మనమే అడగాలి.

తర్వాత ఇదే పద్ధతి రైలు పట్టాల పక్క గుడిసెలకు చేరింది. గుడిసెలు పట్టాలకు మరీ దగ్గరగా ఉండటంతో కొన్నిచోట్ల రైళ్లు గంటకు 15 కిలోమీటర్లకు మించి వెళ్లలేకపోయేవి. 1990ల చివర్లో రైల్వే విస్తరణకు జాగా కావాల్సివచ్చినప్పుడు, నివాసుల సమాఖ్యలు తీసిపెట్టుకున్న జాబితాలు పునరావాసానికి పనికొచ్చాయి. ఇరుగుపొరుగును విడదీయకుండా యాభై కుటుంబాల చొప్పున గుంపులు కట్టారు. వేలాది కుటుంబాలు పోలీసు బలగం లేకుండానే కదిలాయి.

ఆ రైల్వే విస్తరణ ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచిన ముంబయి పట్టణ రవాణా ప్రాజెక్టులో భాగం. అదే ప్రాజెక్టులో రోడ్ల భాగం దెబ్బతింది. రోడ్డు వారన దుకాణాలు నడిపేవాళ్లను కూడా ఇళ్లవాళ్లతో ఒకే గాటన కట్టేశారు. దుకాణదారుకు కావాల్సింది 225 చదరపు అడుగుల గది ఒక్కటే కాదు, బేరం వచ్చే వీధి. ఫిర్యాదులు ప్రపంచ బ్యాంకు తనిఖీ ప్యానెల్ దాకా వెళ్లాయి. 2006 మార్చిలో బ్యాంకు రోడ్లకు, పునరావాసానికి ఇచ్చే డబ్బు కొన్ని నెలలు ఆపేసింది. ఫారంలో "వ్యాపారం" కింద వివరంగా అడగాల్సిన ప్రశ్నలు అడగకపోతే ఎంత నష్టమో అప్పుడు తెలిసొచ్చింది.

తెలంగాణలో 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే ఒక్కరోజులో చేశారు. ఆ రోజు ఇంట్లో లేకపోతే పథకాలు పోతాయన్న భయంతో ముంబయి, భివండి వలస కూలీలు బస్సులు, రైళ్లు కిక్కిరిసేలా ఊళ్లకు వచ్చారు. ఒక్కరోజు లెక్కతో జనం అసలు ఎక్కడ బతుకుతున్నారో తేలదు, ఆ రోజు ఎక్కడున్నారో తేలుతుంది. భివండిలో నీళ్లు వాడుకునే మనిషి ఆ ఒక్కరోజుకు పాలమూరు ఇంట్లో కనిపిస్తాడు. కుళాయిలు, బస్సులు, బడులు ఎన్ని కావాలో ఆ అంకెల మీద తేల్చే ముందు, ఫారంలో "మామూలుగా ఉండే చోటు", "ఏడాదిలో ఎన్ని నెలలు" అనే రెండు గడులు విడిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.