కోన్‌ఫ్లవర్ మందు: ఏ మొక్క, ఏ భాగం, ఎవరికి? అపోహలు - వాస్తవాలు

అక్టోబరు వచ్చిందంటే మా కాన్సాస్ సిటీ తెలుగు వాట్సాప్ గ్రూపులో రెండు రకాల మెసేజులు మొదలవుతాయి. దీపావళి పాట్‌లక్‌కి ఎవరేం తెస్తున్నారన్నది ఒకటి. "పిల్లాడికి జలుబండీ, ఎకినేషియా వేయొచ్చా?" అన్నది రెండోది. ఈ రెండోది తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుంది. నేను గుంటూరులో బీఫార్మసీ చదివాను. ఇక్కడికొచ్చాక పన్నెండేళ్లుగా ఊరి శివార్లలో ఎకరంన్నర నేలలో మూలికలు పెంచుతున్నాను. అందులో సగం ఎకినేషియానే, అంటే కోన్‌ఫ్లవర్.

ఎవరడిగినా నేను ముందు మూడు ప్రశ్నలు వేస్తాను. ఏ ఎకినేషియా? వేరా, ఆకా? ఎలా తీసిన మందు? చాలామంది "సీసా మీద ఎకినేషియా అనే ఉందండీ" అంటారు. చిక్కంతా అక్కడే ఉంది. ఈ మొక్క గురించి నేను విన్న అపోహల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క పేరు కిందకి అన్నిటినీ కలిపేయడం వల్ల పుట్టినవే.

అపోహ: కోన్‌ఫ్లవర్ అంటే ఊదారంగు పువ్వు పూసే ఒకే ఒక మొక్క.

ఆ పేరుతో ఇక్కడ పిలిచే పూలు కనీసం మూడు ప్రజాతుల్లో, అంటే దగ్గరి జాతుల గుంపుల్లో ఉన్నాయి: ఎకినేషియా, రుడ్‌బెకియా, రాటిబిడా. అన్నీ పొద్దుతిరుగుడు కుటుంబమే, అన్నిటికీ మధ్యలో దిమ్మ, చుట్టూ రేకులు. నేను ఈ టపాలో మందు అంటున్నది ఎకినేషియా గురించే. గుర్తుపట్టడానికి పుస్తకం అక్కర్లేదు, దిమ్మ మీద అరచేయి ఆనించండి. ఎకినేషియా అయితే అరిగిపోయిన కొబ్బరి చీపురు మొదలు మీద చెయ్యి పెట్టినట్టు గుచ్చుకుంటుంది. రుడ్‌బెకియా మెత్తగా ఉంటుంది. అసలు పేరే అలా వచ్చింది. గ్రీకులో ఎకినోస్ అంటే హెడ్జ్‌హాగ్, ఒళ్లంతా ముళ్లుండే చిన్న జంతువు.

ఎకినేషియాలో మళ్లీ మందుగా వాడేవి ప్రధానంగా మూడు. పర్‌ప్యూరియాకి వెడల్పాటి ఆకు, అంచున రంపపు పళ్లు, నేల కింద పీచువేర్ల గుత్తి. అంగుస్టిఫోలియా మోకాలెత్తు దాటడం తక్కువ. సన్నటి ఆకు, అంచు నున్నగా ఉంటుంది, ఒంటినిండా గరుకు నూగు, కిందకి దిగే తల్లివేరు. పలిడా పొడుగరి. రేకులు తడిసిన రిబ్బన్లలా కిందికి వేలాడతాయి. దీనికీ తల్లివేరే. పూత సమయంలో అనుమానం వస్తే పుప్పొడి చూడండి. పలిడా పుప్పొడి తెల్లగా ఉంటుంది, మిగతా రెండింటిదీ పసుపు. ఇక మా మిస్సోరిలోనే ఓజార్క్ కొండల్లో పసుపు రేకులు పూసే ఎకినేషియా కూడా ఉంది. దాని శాస్త్రీయ నామమే పారడాక్సా, ఊదా పూల కుటుంబంలో విడ్డూరంగా పుట్టిందని.

ఈ తేడాలు ఎందుకింత పట్టించుకోవాలంటే, ఒక కథ ఉంది. అమెరికా మైదాన ప్రాంతపు లకోటా, షయాన్ వంటి ఆదివాసీ తెగల వాళ్లు తరతరాలుగా నమిలిన వేరు ముఖ్యంగా అంగుస్టిఫోలియాది. 1930ల చివర్లో జర్మనీలో మందులు తయారు చేసే గెర్హార్డ్ మడౌస్ ఆ మొక్క కోసమని అమెరికా నుంచి విత్తనాలు తీసుకెళ్లాడు. అవి మొలిచాక చూస్తే పర్‌ప్యూరియా అని చెబుతారు. ఆయన దాన్నే సాగు చేసి, నేలపై భాగం నుంచి రసం తీసి అమ్మాడు. యూరప్‌లో తర్వాత జరిగిన పరిశోధనలో పెద్ద భాగం ఆ రసం మీదే. జర్మనీ ప్రభుత్వం నియమించిన కమిషన్ 1989లో పర్‌ప్యూరియా ఆకు-పూత రసాన్ని, 1992లో పలిడా వేరును ఆమోదించింది. తెగల వాళ్లు వాడిన అంగుస్టిఫోలియాకు మాత్రం ఆమోదం దొరకలేదు. "వేల ఏళ్లుగా వాడుతున్నారు, జర్మనీలో నిరూపించారు" అని ఒకే వాక్యంలో రాసే ప్రకటనలు చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆ రెండు ముక్కలూ రెండు వేరు వేరు మొక్కల గురించి.

అపోహ: నాలుక తిమ్మిరెక్కితే అసలైనది, ఎక్కకపోతే నకిలీ.

ఇందులో సగం నిజం ఉంది. మూడేళ్ల కిందట మా స్నేహితురాలి వాళ్లమ్మగారు ఖమ్మం నుంచి వచ్చినప్పుడు తోట చూపించాను. అప్పుడే కడిగిన అంగుస్టిఫోలియా వేరు ముక్క గోరంత కోసి చేతిలో పెట్టాను. ముందు పళ్లతో నొక్కారు. మట్టి వాసన, కాస్త తీపి. పది సెకన్లు గడిచాక కళ్లు పెద్దవయ్యాయి. నోట్లో నీళ్లూరి, నాలుక కొస చురుక్కుమని, మాట తడబడింది. "అమ్మాయీ, ఇది అక్కలకర్ర కదే!" అన్నారు. "కాదు పెద్దమ్మా, కానీ దాని చుట్టమే" అన్నాను. రెండూ ఒకే కుటుంబం. రెండింటిలోనూ ఆ చురుకు ఆల్కమైడ్లు అనే పదార్థాలది. పంటినొప్పికి అక్కడ అక్కలకర్ర, ఇక్కడ తెగల వాళ్లు ఈ వేరు నమలడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది నాకు.

మరి మిగతా సగం? పలిడా వేరులో ఆల్కమైడ్లు బాగా తక్కువ. అసలైన పలిడా నాలుక మీద దాదాపు ఏమీ చేయదు. వేరు పొడి చేసి నెలల తరబడి నిలవ ఉంచితే అంగుస్టిఫోలియా చురుకు కూడా చచ్చిపోతుంది. కాబట్టి నాలుక పరీక్ష ఏ జాతో తెలిసినప్పుడే పనికొస్తుంది.

నాకు అది ఒకసారి బాగా పనికొచ్చింది. ఆరేళ్ల కిందట నా పంట చాలక బయట ఒక సప్లయర్ దగ్గర రెండు కిలోల ఎండు వేరు కొన్నాను. బిల్లు మీద పర్‌ప్యూరియా అని ఉంది. సంచి విప్పగానే మనసులో ఏదో కీడు శంకించింది. పీచు వేర్లకు బదులు బొటనవేలంత లావు గడ్డలు, గట్టి చెక్కలా. నమిలితే చేదే తప్ప చురుకు లేదు. వాపసు పంపాను. డబ్బులు రావడానికి రెండు నెలలు పట్టింది, అది వేరే బాధ. పర్‌ప్యూరియా వేరు పేరుతో చాలాకాలం మార్కెట్లో తిరిగిన కల్తీ సరుకు పార్థీనియం ఇంటెగ్రిఫోలియం అనే మొక్క వేరు. పార్థీనియం అన్న మాట ఎక్కడో విన్నట్టుందా? మన పొలం గట్ల మీద పెరిగే వయ్యారిభామకు అది స్వయానా అక్క. 1980ల్లో జర్మన్ శాస్త్రవేత్తలు తేల్చేదాకా కొన్ని పరిశోధనలు కూడా ఆ తప్పుడు వేరు మీదే జరిగాయి.

అపోహ: సహజమైనది కాబట్టి పిల్లలతో సహా ఎవరైనా వాడొచ్చు.

వయ్యారిభామ ప్రస్తావన ఎలాగూ వచ్చింది కాబట్టి ఇది ఇప్పుడే చెప్పాలి. వయ్యారిభామ తగిలితే ఒళ్లు దద్దుర్లెక్కే వాళ్లు, చామంతి దగ్గర తుమ్ములు ఆగని వాళ్లు మన ఊళ్లలో చాలామంది. ఎకినేషియా వాళ్లకు పడకపోవచ్చు, అదే కుటుంబం మరి. నేను ఎవరికైనా ఇచ్చే ముందు అడిగే మొదటి ఆరోగ్య ప్రశ్న ఇదే. ఇక్కడి డాక్టర్లకు వయ్యారిభామ అంటే తెలియదు, మీరే "రాగ్‌వీడ్ అలర్జీ లాంటిది ఉంది" అని చెప్పుకోవాలి. రాగ్‌వీడ్ అంటే ఇక్కడ పుప్పొడితో తుమ్ములు తెప్పించే, అదే కుటుంబపు కలుపు మొక్క.

పిల్లల విషయంలో నా జవాబు వద్దనే. 2003లో అమెరికాలో 2 నుంచి 11 ఏళ్ల పిల్లలు 407 మంది మీద చేసిన అధ్యయనంలో జలుబు రోజులు తగ్గలేదు. పైగా దద్దుర్లు ఎకినేషియా ఇచ్చినప్పుడు 7.1 శాతం జలుబుల్లో, ఉత్తుత్తి మందు ఇచ్చినప్పుడు 2.7 శాతం జలుబుల్లో వచ్చాయి. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2012లో 12 ఏళ్ల లోపు వాళ్లకు నోటి ద్వారా ఇవ్వొద్దని చెప్పింది. అవయవ మార్పిడి జరిగి ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు, లూపస్ లాంటి, ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బులున్నవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా దీని జోలికి వెళ్లొద్దు.

అపోహ: రోజూ వేసుకుంటే ఇమ్యూనిటీ పెరిగి జలుబే రాదు.

2005లో వెలువడిన ఒక అధ్యయనంలో సుమారు 400 మంది వాలంటీర్ల ముక్కులో జలుబు వైరస్ వేసి, అంగుస్టిఫోలియా వేరు సారం ఇచ్చి చూశారు. ఏ తేడా లేదు. 2010లో విస్కాన్సిన్‌లో 719 మంది మీద చేసిన దానిలో జలుబు ఓ అరపూట, ఓ పూట ముందు తగ్గినట్టు కనిపించింది గానీ, కాకతాళీయం కాదని చెప్పగలిగేంత కాదు. 2014లో 24 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష జలుబు వచ్చాక వాడితే ప్రయోజనం తేలలేదని, రాకుండా ఆపడంలో మాత్రం చిన్నపాటి మొగ్గు ఉండొచ్చని అంది. ఆ 24లోనూ ఒక్కోదానిలో ఒక్కో జాతి, ఒక్కో భాగం, ఒక్కో తయారీ. అందుకే అన్నిటినీ కలిపి "పనిచేస్తుంది", "చేయదు" అని ఒక్క ముక్కలో తేల్చడం నాకు నచ్చదు. కానీ "జలుబే రాదు" అనేవాళ్ల దగ్గర కొనొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. నా సరుకు గురించి నేనే ఇలా రాస్తున్నానని మా ఆయన తల పట్టుకుంటాడు.

నెలల తరబడి వాడకమూ వద్దు. యూరప్ మందుల సంస్థ జలుబుకు పది రోజులు దాటించొద్దంటుంది.

అపోహ: టీ కాచుకుంటే చాలు.

ఆల్కమైడ్లు నీళ్లలో సరిగా దిగవు, ఆల్కహాల్‌లో దిగుతాయి. అందుకే వేరును ఆల్కహాల్‌లో నానబెట్టి టింక్చర్ చేస్తారు. ఆకు, పువ్వుల్లో ఉండే సికోరిక్ ఆమ్లం కోసిన కాసేపటికే పాడవడం మొదలవుతుంది. అందుకే జర్మన్లు కోసిన వెంటనే రసం పిండి నిలవ చేస్తారు. వాళ్ల లెక్క పెద్దవాళ్లకు రోజుకు 6 నుంచి 9 మిల్లీలీటర్ల రసం. టీ తాగితే వేడిగా గొంతుకు హాయిగా ఉంటుంది, తాగండి.

హైదరాబాద్, విజయవాడల్లో హోమియో షాపుల్లో దొరికే ఎఖినేషియా మదర్ టింక్చర్ గురించి కూడా అడుగుతుంటారు. అది ఆల్కహాల్‌లో తీసిన సారమే. అదే పేరుతో వచ్చే 30, 200 పొటెన్సీల్లో మాత్రం మొక్క పదార్థం లెక్కలోకి వచ్చేంత ఉండదు. ఇది ఆయుర్వేదంలో ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇది పుట్టింది ఉత్తర అమెరికాలో, మన పాత గ్రంథాలకు దీని ముఖం తెలియదు.

అపోహ: పాముకాటుకు విరుగుడు.

తెగల వాళ్లు పాముకాటుకు వాడిన మాట నిజం. 1880ల్లో నెబ్రాస్కాలో మేయర్ అనే ఆయన ఈ వేరుతో నాటు మందు చేసి అమ్ముతూ, కావాలంటే మీ ఎదుటే రాటిల్ పాముతో కరిపించుకుని చూపిస్తానని సిన్సినాటిలోని మందుల నిపుణులకు కబురు పెట్టాడు. వాళ్లు వద్దు మొర్రో అన్నారు. కాటు పడితే ఆసుపత్రి, యాంటీవెనమ్. ఇంకో మాట లేదు.

అపోహ: అడవిలో తవ్వినది శక్తిమంతం, నర్సరీది దండగ.

1990ల చివర్లో ఎకినేషియా గిరాకీ పెరిగినప్పుడు రోడ్ల పక్కన, ఇతరుల పొలాల్లో దొంగతనంగా తవ్వేశారు. మోంటానా, నార్త్ డకోటా రాష్ట్రాలు 1999లో దీనికోసం చట్టాలు తేవాల్సి వచ్చింది. టెనెసీలో మాత్రమే పెరిగే ఒక ఎకినేషియా 1979లో అంతరించే ప్రమాదమున్న జాబితాకెక్కి, 2011లో గానీ బయటపడలేదు. దాని మీదికొచ్చిన ముప్పు మాత్రం వేరు తవ్వేవాళ్ల కంటే ఇళ్లు, రోడ్లు కట్టేవాళ్ల వల్లే ఎక్కువ. పెంచిన పర్‌ప్యూరియా మందుకు చక్కగా సరిపోతుంది. నర్సరీ మొక్కల్లో ఒక్క జాగ్రత్త: ఎర్రవి, నారింజవి, ముద్ద పూలవి సంకరాలు. అవి అందానికే, మందుకు జాతి పేరు స్పష్టంగా ఉన్న మొక్క కొనండి.

అపోహ: విత్తనం చల్లితే చాలు, ఎక్కడైనా వస్తుంది.

పర్‌ప్యూరియా విత్తనం పెద్దగా పేచీ పెట్టదు. అంగుస్టిఫోలియా అలా కాదు. తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో పది వారాలు ఉంచాల్సిందే. మా ఫ్రిజ్‌లో జనవరి నుంచి పెరుగు గిన్నె వెనక ఆ డబ్బాలే ఉంటాయి. విత్తాక పైన మట్టి పలచగా చల్లాలి, లోతుగా పాతితే మొలవదు. ఎండ బాగా తగలాలి, నీరు నిలవకూడదు. పేడ ఎరువు దండిగా వేస్తే ఆకు విపరీతంగా వచ్చి కాడ వాలిపోతుంది, నేను మొదటి రెండేళ్లు చేసిన తప్పు అదే. పూలు రెండో ఏడాది నుంచి. కోస్తా, తెలంగాణ మైదానాల్లో దీనికి కావాల్సిన చలి విశ్రాంతి దొరకదు. కుండీలో సరదాకి ప్రయత్నించండి గానీ, వేరు కోసం సాగు చేద్దామనుకుంటే డబ్బులు వృథా.

ఒక తెగులు మాత్రం చూడగానే గుర్తుపట్టాలి. రేకులు పచ్చబడి, దిమ్మలోంచి చిన్న చిన్న ఆకు కుచ్చులు పుట్టుకొస్తాయి. నువ్వు చేలో వెర్రి తెగులు చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది, అదీ ఇదీ ఒకే కోవ. కారణం ఫైటోప్లాస్మా అనే బాక్టీరియా లాంటి సూక్ష్మజీవి, దాన్ని మోసుకొచ్చేవి దీపపు పురుగులు. మందు లేదు. వేళ్లతో సహా పీకి పారేయాలి. మొదటిసారి వచ్చినప్పుడు కొత్త రకం పువ్వనుకుని ఫొటోలు తీశాను, వారం తిరిగేసరికి పక్క వరసకి పాకింది.

వేరు మూడో ఏడాదో నాలుగో ఏడాదో, ఆకు వాడిపోయాక తవ్వాలి. అప్పటిదాకా ఎండిన దిమ్మలు కోయను, గోల్డ్‌ఫించ్ పిట్టలు వాటి మీద తలకిందులుగా వేలాడి గింజలు ఏరుకుంటాయి. పర్‌ప్యూరియా గుత్తిని తవ్వాక పీచువేర్లు కోసుకుని, మొగ్గలున్న మొదలును చీల్చి మళ్లీ పాతితే వసంతంలో చిగురిస్తుంది. కడిగి, వెంటనే ముక్కలు చేసి, నీడలో గాలి తగిలేలా ఆరబెట్టాలి. మొత్తం వేరుగా ఆరబెడితే లోపల బూజు పడుతుంది. ఈసారి నా దగ్గర తవ్వకానికొచ్చింది మూడో వరస. నేల ఇంకా గడ్డకట్టలేదు, వచ్చే శనివారం పార పట్టాలి.